మా ఫారిన్ సారు

మొన్న వేసవిలో పదో తరగతి పరీక్ష పేపర్లు దిద్దడానికి తిరుపతి వెళ్ళినప్పుడు ఆయన పోయాడని తెలిసింది. వరండాలో నిలబడి టీ తాగుతుంటే పుంగనూరు నుంచి వచ్చిన ఒక మాస్టారు నన్ను చూసి అన్నాడు.

"మీ చిత్తూరు ఫారిన్ సారు పోయినాడంట గదప్పా. నెలైందంట."

"యే ఫారిన్‌లో ఉండె ఆయప్ప?" అని పక్కాయన అడిగాడు.

"అమెరికా" అన్నాడొకడు. "కాదు, మస్కట్టు" అన్నాడింకొకడు. మూడో ఆయన లండన్ అని ఖాయం చేసి, టీ గ్లాసులు ఖాళీ అయ్యేలోపు అక్కడ ఆయనకు ఒక మేడ కూడా కట్టించాడు.

నేను రెండేళ్ళుగా పలమనేరులో పనిచేస్తున్నాను, ఈ కబురు నాకూ కొత్తే. కానీ అంతకు ముందు పదిహేనేళ్ళు చిత్తూరు హైస్కూల్లో ఆయన పక్క గదిలో తెలుగు చెప్పినవాణ్ణి. ఆయన ఏ దేశం వెళ్ళాడో నాకు తెలుసు. అంతకంటే బాగా, ఏ దేశం వెళ్ళలేదో తెలుసు.

ఆయన పేరు ఇక్కడ రాయను. బతికున్నప్పుడే ఆ పేరు ఆయన్ను పెట్టిన బాధలు చాలు.

నేను ఆ స్కూల్లో చేరేనాటికి ఆయన మద్రాసు దాటి ఎరగడు. అయినా 'ఫారిన్ సారు' అన్న పేరు అప్పటికే స్థిరపడిపోయింది. మే నెల చిత్తూరు ఎండలో కూడా మెడకు టై కట్టుకొని సైకిల్ తొక్కే మనిషికి ఊరు ఇంకే పేరు పెడుతుంది? రోజూ పొద్దున ట్రాన్సిస్టరు చెవికి ఆనించుకొని లండన్ వార్తలు వినేవాడు. వార్తల్లో ఏముంది సార్ అని అడిగితే, "వార్తలెవరు ఇన్నారప్పా, నేను ఉచ్చారణ ఇంటా ఉండా" అనేవాడు.

ఆయన పాఠం చెప్పే తీరు వేరు. సైన్సు గదిలో కప్పను బల్ల మీద పరిచినట్టు, నల్లబల్ల మీద ఒక ఇంగ్లీషు వాక్యాన్ని పరిచి, కర్త యాడ, కర్మ యాడ, క్రియ యాడ అని తెలుగులో కోసి చూపించేవాడు. గంట కొట్టేసరికి ఆ వాక్యంలో ప్రాణం ఉండేది కాదు. రాముడు పామును చంపెను. రామునిచేత పాము చంపబడెను. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఆయన చేతిలో చచ్చిన పాములకు లెక్క లేదు. ఆ క్లాసులో ఇంగ్లీషు మాట్లాడినవాడు మాత్రం ఒక్కడూ లేడు, ఆయనతో సహా.

'వి' అనే అక్షరాన్ని దొరల్లాగా పలకాలంటే పై పళ్ళతో కింది పెదవిని నొక్కాలి. ఆయన ఆ నియమాన్ని ఎంత గట్టిగా పాటించేవాడంటే, 'వెరీ గుడ్' అనేముందు పెదవి కొరుక్కొని ఒక క్షణం ఆగేవాడు. కొత్తగా చేరిన పిల్లలు సారుకు పంటినొప్పి అనుకొని జాలిపడేవాళ్ళు.

ఎవరైనా ఆయన ముందు ఒక ఇంగ్లీషు ముక్క అంటే చాలు, "అది ఇంగ్లీషులో అట్ల అనరప్పా" అనేవాడు. హెడ్మాస్టరు 'టుడే ఐ యామ్ లీవ్' అంటే అదే మాట. డ్రిల్లు మాస్టరు 'స్టాండటీజ్' అని అరిస్తే అదే మాట. కొన్నాళ్ళకు ఆయన వినేంత దూరంలో ఇంగ్లీషు మాట్లాడటం అందరూ మానేశారు. అలా మా స్కూల్లో ఇంగ్లీషు మాట్లాడే హక్కు ఆయన ఒక్కడికే మిగిలింది. ఆ రోజుల్లో ఆ హక్కును ఆయన వాడుకోగా నేను చూసింది ఒక్కసారే, అదీ తిరుపతి రైల్వే స్టేషన్ ముందర.

ఏదో పని మీద ఇద్దరం వెళ్ళాం. స్టేషన్ బయట ఒక తెల్లాయన, తెల్లామె, వీపుకు పెద్ద పెద్ద మూటలు కట్టుకొని నిలబడి ఉన్నారు. మా సారు టై చూసి నమ్మకం కలిగిందేమో, నేరుగా మా దగ్గరికొచ్చి మద్రాసు బస్సు గురించి అడిగారు. ఈయన గొంతు సవరించుకున్నాడు. పెదవి కొరికాడు. తర్వాత ఒక పొడుగాటి వాక్యం మొదలుపెట్టాడు. అందులో ఒక వాక్యంలోంచి ఇంకో వాక్యం పుట్టింది, అది కర్మణిలోకి తిరిగింది, చివర ఎక్కడో క్రియ వచ్చి అతుక్కుంది. తెల్లాయన శ్రద్ధగా విని, చేతులు జోడించి మర్యాదగా అన్నాడు: "సారీ సార్, మాకు తెలుగు రాదు."

పక్కన జామకాయలమ్మే ఆమె బుట్ట ముందు నుంచి చెయ్యి చాపింది. "మద్రాస్ బస్? ఆ సైడు. గో, గో. క్విక్!" అంది. వాళ్ళు ఆమెకు దణ్ణం పెట్టి, జామకాయలు కొనుక్కొని వెళ్ళిపోయారు.

తిరుగు బస్సులో చంద్రగిరి దాటేదాకా ఆయన మాట్లాడలేదు. దాటాక, "ఆ దొరకు ఇంగ్లీషు సరిగ్గా రాదప్పా" అన్నాడు. నేను తల ఊపాను. పూతలపట్టు వచ్చాక మళ్ళీ అన్నాడు, ఈసారి గొంతు వేరుగా ఉంది.

"పద్దెనిమిదేండ్లు చెప్పినానప్పా నేను. ఒక తూరి ఇంగ్లీషు మాట్లాడే దేశానికి పోయి రావాల. నాకు వచ్చో రాదో ఆడ తేలిపోవాల."

ఆ తర్వాతి వారమే ఇంగ్లండుకు జాబు రాశాడు. తమ దేశంలో ఇంగ్లీషు చెప్పేవాళ్ళకు కొరత లేదని వాళ్ళు చాలా మర్యాదగా జవాబిచ్చారు. మన ఇంగ్లీషు టీచర్లు కావాలనే దేశాలు అప్పట్లో వేరే ఉండేవి. పేపర్లో వాటి ప్రకటనలు వచ్చేవి. ఆయన ఒక ఫైలు తయారుచేశాడు. డిగ్రీల నకళ్ళు, వాటి మీద గెజిటెడ్ అధికారుల సంతకాలు, స్టాంపులు. ఇంటర్వెల్లో అందరూ వేరుశెనక్కాయలు తింటుంటే ఆయన ఆ ఫైలు విప్పి, కాగితాలు ఒకటొకటే ఊది, మళ్ళీ కట్టేవాడు.

మొదట ఇథియోపియా. మద్రాసులో ఒక హోటల్లో ఇంటర్వ్యూ. బోర్డు మీద ఒక పాఠం చెప్పి చూపమంటే ఈయన అలవాటైన పామునే చంపి చూపాడు, ఎంపికయ్యాడు. స్కూల్లో వీడ్కోలు సభ జరిగింది. శాలువ, పూలదండ, గ్రూపు ఫోటో. "నేడు మన పాఠశాల కీర్తి సముద్రములు దాటి ఇథియోపియా చేరుచున్నది" అని హెడ్మాస్టరు కాగితం చూసి చదివాడు. ఈయన మద్రాసు వెళ్ళి విమానం కోసం ఎదురుచూస్తుంటే, ఆ దేశంలో సైన్యం రాజుగారిని దించేసిందని వార్త వచ్చింది. ఉద్యోగాలు ఆగిపోయాయి. నాలుగో రోజుకు చంకలో శాలువతో తిరిగొచ్చాడు.

"ఏం సార్, పోలేదా?" అని క్లాసులో ఎవడో అడిగాడు.

"నేను పోయేలోపల ఆడ రాజు పోయినాడురా" అని చాక్‌పీసు అందుకున్నాడు.

మూడేళ్ళకు జాంబియా. మళ్ళీ సభ, మళ్ళీ శాలువ. హెడ్మాస్టరు పాత కాగితమే తీసి, దేశం పేరు కొట్టేసి కొత్త పేరు రాసుకొచ్చాడు. మధ్యలో ఒకచోట మాత్రం ఇథియోపియా అలాగే ఉండిపోయింది. ఎవరూ గమనించలేదు. ఆ రెండు దేశాలకూ తేడా తెలిసిన ఒకే ఒక్కడు మెడలో దండతో కళ్ళు మూసుకొని ఉన్నాడు. ఈసారి బొంబాయి దాకా వెళ్ళాడు. వారం గడిచింది, పది రోజులు గడిచాయి, తిరిగి రాలేదు. చేరిపోయాడని అందరం సంతోషించాం.

సుమారు రెండు వారాల తర్వాత బంధువుల పెళ్ళికి తిరుపతి వెళ్ళాను. పొద్దున్నే గోవిందరాజస్వామి గుడి దగ్గర ఒక టిఫిన్ హోటల్లో దూరాను. పక్క బల్ల దగ్గర ఒక గుండు మనిషి తల దించుకొని ఉన్నాడు. తిరుపతిలో గుండును ఎవరు పట్టించుకుంటారు? సర్వరు వచ్చి ఏం కావాలని అడిగాడు. ఆ మనిషి 'వడ' అన్నాడు. అనేముందు పై పళ్ళతో కింది పెదవిని నొక్కాడు.

"సార్!" అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. "నేను జాంబియాలో ఉండానప్పా" అన్నాడు మెల్లగా. "నువ్వు నన్ను సూల్లేదు."

"ఎదురుగా ఉంటే సూడకుండా ఎట్ల సార్?"

ఆయన పక్కకు జరిగి చోటిచ్చాడు. "అయితే నువ్వూ రెండు తిను. వడలు బాగుండాయి."

తింటూ జరిగింది చెప్పాడు. బొంబాయి విమానాశ్రయంలో ఒక అధికారి ఆయన కాగితాలన్నీ బల్ల మీద పరిచాడట. డిగ్రీ పత్రంలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం. పాస్‌పోర్టులో తండ్రి పేరు కూడా కలిసి అదొక పొడుగు పేరు. జాంబియా వాళ్ళ ఉత్తర్వులో అయితే ఇంటిపేరే ఈయన పేరు, అసలు పేరు లేనే లేదు.

"ఈ ముగ్గురిలో తమరెవరు అన్నాడప్పా. ముగ్గురూ నేనే అన్నా. అయితే మూడు టికెట్లు ఉండాయా అన్నాడు."

నాకు నవ్వు ఆగలేదు. ఆయన నవ్వలేదు. రేణిగుంటలో రైలు దిగి ఇంటికి వెళ్ళడానికి కాళ్ళు రాక, తిరుపతిలో ఆగిపోయాడు. సత్రాల్లో మూడు రోజులకు మించి ఉండనివ్వరు కాబట్టి మూడు రోజులకొక సత్రం మారుతున్నాడు.

"ఉద్యోగం వస్తే గుండు కొట్టించుకుంటానని సామికి మొక్కినా" అన్నాడు. "రాలేదు. అయినా కొట్టించుకున్నా, ఎవరూ గుర్తుపట్టరని."

"ఇంటికి పోదాం రాండి సార్."

"రెండు తూర్లు దండలేయించుకున్న మెడప్పా ఇది. ఏ మొగం పెట్టుకొని ఆ గేట్లో అడుగు పెట్టేది? ఒక నెల కానీ. ఆడ నీళ్ళు పడలేదు, వచ్చేసినా అని చెప్పుకుంటా." కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. "ఇంట్లో ఆమెకు మాత్రం చెప్పద్దు. జాంబియా శానా దూరమని చెప్పి వచ్చినా."

వచ్చే ఆదివారం మళ్ళీ వచ్చి ఊరి కబుర్లు చెబుతానని మాట ఇచ్చి చిత్తూరు చేరాను. వాళ్ళకు పిల్లలు లేరు. ఆయన భార్య ఒక్కతే ఇంట్లో ఉంది. నేను వదినా అని పిలిచేవాణ్ణి. ఆ వారమంతా వాళ్ళ వీధిలోకి పోకుండా చుట్టూ తిరిగి స్కూలుకు వెళ్ళాను. శనివారం సాయంత్రం ఆమే మా ఇంటికొచ్చింది. చేతిలో ఒక జాడీ, మూతకు గుడ్డ కట్టి ఉంది.

"అయ్యోరూ, రేపు తిరపతికి పోతా ఉండావంట గదా."

"అవును వదినా. చిన్న పని."

"ఈ నిమ్మకాయ ఊరగాయ ఆయప్పకిచ్చేసిరా. జాంబియాలో దొరకదంట."

ఆమె జాడీ నా చేతిలో పెట్టి, కొంగుతో మొహం తుడుచుకుంది. ఆ కొంగు చాటున నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు.

"మా పెదనాయన కొడుకు తిరపతి బస్సులో కండక్టరు గదా" అంది. "వారం కిందట్నే ఆయప్పను నీతో చూసి చెప్పినాడు. గుండు కొట్టించుకుంటే మాత్రం నడక మారతాదా అయ్యోరూ?"

మర్నాడు సత్రం వరండాలో ఆ జాడీ ఇస్తే, ఆయన మూత తీసి వాసన చూశాడు. అంతే, ఎవరు పంపారని అడగలేదు.

"ఏమన్నా అనిందా?"

"జాంబియాలో దొరకదంట అనింది."

వేలితో కొంచెం తీసి నాలుక మీద పెట్టుకున్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "కారం ఎక్కువేసింది" అన్నాడు. మరుసటి రోజు మధ్యాహ్నం బస్సుకే ఇంటికొచ్చాడు. ఆమె తలుపు తీసి, గుండు కేసి ఒకసారి చూసి, "నీళ్ళు కాగినాయి, పోసుకో" అందట. ఆ తర్వాత ఆ మాట ఊళ్ళో ఎవరి దగ్గరా ఎత్తలేదు.

ఊరు మాత్రం ఆయన నిజంగానే జాంబియా చూసొచ్చాడని నమ్మింది. నీళ్ళు పడలేదన్న మాట బాగా అతికింది. అంతటితో పోయిందా అంటే లేదు. హెడ్మాస్టరు 'జాంబియాలో నా అనుభవాలు' అని ఉపన్యాసం ఏర్పాటు చేశాడు. ఈయన నావైపు చూశాడు, నేను నేల వైపు చూశాను. లేచి నలభై నిమిషాలు మాట్లాడాడు. అంతా ఎనిమిదో తరగతి భూగోళం పుస్తకంలోదే. రాగి గనులు, పీఠభూమి, జలపాతం. "ఆ జలపాతం హోరు ఇంకా నా చెవుల్లో ఉండాది" అన్నప్పుడు డ్రిల్లు మాస్టరు కళ్ళు తుడుచుకున్నాడు. వందన సమర్పణ చేసింది నేనే. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

సాయంత్రం వాళ్ళింటికి వెళితే వదిన కాఫీ ఇస్తూ అడిగింది: "జలపాతం గురించి శానా బాగా చెప్పినాడంట గదా. తిరపతిలో కపిలతీర్థం కాడుండేదేనా?" ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

మూడోసారి ఎవరికీ చెప్పలేదు. మద్రాసులో కంటి ఆపరేషన్ అని జీతం లేని సెలవు పెట్టాడు. దండ లేదు, శాలువ లేదు, ఫోటో లేదు. నెల తర్వాత నాకు నైజీరియా స్టాంపుతో ఉత్తరం వచ్చేదాకా నేను కూడా కన్ను బాగైందా అని వదినను అడుగుతూనే ఉన్నాను.

ఆ ఉత్తరం ఆయన రాసినట్టు లేదు. అందులో గొప్పలు లేవు. మొదటిరోజు క్లాసులో ఆయన అరగంట మాట్లాడాక ఒక పిల్లవాడు లేచి, సార్, ఇక ఇంగ్లీషులో చెప్పండి అన్నాడట. అప్పటిదాకా చెప్పింది ఇంగ్లీషే. ఆ పూట నుంచి క్లాసు లీడరు ఆయన పక్కన నిలబడేవాడు. 'నేను ఇంగ్లీషులో చెప్పినదాన్ని వాడు ఇంగ్లీషులోకి అనువాదం చేస్తున్నాడు. పిల్లలు నా మొహం చూడరు, వాడి మొహం చూస్తారు' అని రాశాడు.

అక్కడి ప్రిన్సిపాలు భారీ మనిషి, పెద్ద గొంతు గల ఆడామె. వారం రోజులు క్లాసు వెనక నిలబడి విని, చివరికి ఈయన్ను పిలిచిందట. 'మీ వ్యాకరణం మాకంటే మేలు. కానీ మీరు పిల్లలతో మాట్లాడటం లేదు, బోర్డుతో మాట్లాడుతున్నారు' అంది. పంపేస్తుందని ఆయన గుండె రాయి చేసుకున్నాడు. ఆమె పంపలేదు. రోజూ సాయంత్రం వంటామె వెంట సంతకు వెళ్ళి స్కూలుకు కావలసినవి బేరమాడి కొనుక్కురమ్మంది. అదే శిక్ష, అదే చదువు.

నలభై ఆరేళ్ళ వయసులో, టై కట్టుకొని, చేతిలో సంచితో ఆ సంతలో నిలబడ్డాడు. మిరపకాయలమ్మే ఆమె ముందు కర్మణి ప్రయోగం పనికిరాలేదు. పొడుగు వాక్యం మొదలుపెడితే ఆమె ఇంకొకరికి అమ్మేసేది. వాక్యాలు పొట్టివయ్యాయి. టై పోయింది. పెదవి కొరుక్కుంటే బేరం దాటిపోతుందని అదీ మానేశాడు. ఏడాది తిరక్కముందే ఇంకో ఉత్తరం వచ్చింది. అందులో ఒక వాక్యం నాకు కంఠతా వచ్చు: 'ఈ రోజు నేను ఒక జోకు చెబితే మిరపకాయలామె నవ్వింది. ఇన్నేళ్ళ సర్వీసులో నేను ఇంగ్లీషులో నవ్వించిన మొదటి మనిషి ఆమె.'

ఆరేళ్ళు ఉన్నాడు. మధ్యలో రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. వదినను రమ్మన్నాడు కానీ ఆమె ఒప్పుకోలేదు. "ఒక మనిషి భాష నేర్చుకోను పోతే చాలు, ఇద్దరెందుకు?" అంది. పెట్రోలు ధర పడిపోయి ఆ దేశం విదేశీ టీచర్లను తగ్గించేదాకా అక్కడే ఉండి, తర్వాత యెమెన్‌లో ఒక ఏడాది చేసి తిరిగొచ్చాడు. మళ్ళీ అదే స్కూల్లో చేరాడు.

ఊరు ఎంత ఆశపడిందో చెప్పలేను. ఏడేళ్ళు నిజంగా ఫారిన్‌లో ఉండొచ్చిన ఫారిన్ సారు! స్వాగత సభకు వేరే స్కూళ్ళ నుంచి కూడా మాస్టర్లు వచ్చారు, ఆయన ఇంగ్లీషు వినడానికి. ఆయన లేచి నాలుగు నిమిషాలు మాట్లాడాడు. చిన్న చిన్న మాటలు. అందరినీ చూసి సంతోషంగా ఉందన్నాడు, అక్కడి పిల్లలు తనకు చాలా నేర్పారన్నాడు, భోజనం చల్లారిపోతోంది రండి అన్నాడు. బంట్రోతుకు కూడా అర్థమైంది. అదే ఆయన చేసిన తప్పు.

"ఈయప్ప ఉండే ఇంగ్లీషు కూడా మరిసిపోయి వచ్చినాడప్పా" అన్నాడు డ్రిల్లు మాస్టరు, చేతులు కడుక్కుంటూ. "అంతా నాకు అర్థమయిపోయె!"

ఆ మాట ఊరంతా పాకింది. అర్థమయ్యేది ఇంగ్లీషు ఎలా అవుతుంది? క్లాసులో సంగతి మరీ అన్యాయమన్నారు. పాము బతికిపోయింది, రాముడికి పని లేకుండా పోయింది. ఆయన పిల్లల్ని మాట్లాడిస్తున్నాడు. మా గదులకు మధ్య గోడ పల్చన కాబట్టి నాకంతా వినిపించేది. మామిడితోటలో కాపలా ఉండే ఒకాయన కూతురు ఒకరోజు మామిడి అంటు ఎలా కడతారో ఇంగ్లీషులో చెబుతోంది. మధ్యలో మాట దొరక్కపోతే తెలుగు వేసేస్తోంది, కాలాలన్నీ కలిపేస్తోంది. ఎప్పుడు ఆపుతాడా, 'అది ఇంగ్లీషులో అట్ల అనరు' ఎప్పుడు అంటాడా అని నేను పద్యం ఆపేసి విన్నాను.

"చెప్పమ్మా, చెప్పు" అంటున్నాడు. "నాకు అర్థమయితా ఉండాది."

ఆ పిల్ల అంటు కట్టడం పూర్తి చేసింది. క్లాసంతా చప్పట్లు కొట్టింది. గోడకు ఇవతల నా క్లాసు కూడా కొట్టింది, ఎందుకో తెలియకుండానే.

తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు. సారు వ్యాకరణం చెప్పడం లేదు, పిల్లలు ఊరికే మాట్లాడుతున్నారు అని. కొత్త హెడ్మాస్టరు సంజాయిషీ అడిగి, ఆయన్ను పదో తరగతి నుంచి తీసి ఆరో తరగతికి వేశాడు. పదో తరగతి పిల్లలు సందు చివర ట్యూషన్ మాస్టరు దగ్గర చేరారు. ఆ ట్యూషన్ మాస్టరు ఈయన పాత శిష్యుడే. ఈయన పాత నోట్సుతోనే పామును చంపేవాడు. నేను కోపంతో ఆ సంగతి చెబితే ఆయన పడీపడీ నవ్వాడు.

"పాపం, వాణ్ణి ఏమనొద్దప్పా. వాడింకా ఆనాటి మన బస్సులోనే ఉండాడు, పూతలపట్టు రాలేదు" అన్నాడు.

ఆరో తరగతిలోనే రిటైరయ్యాడు. వీడ్కోలు సభ వద్దన్నాడు. అప్పటికే రెండు అయ్యాయి కదా అన్నాడు. అదే నేను ఆయన్ను చివరగా చూడటం. తర్వాత నాకు పలమనేరు బదిలీ అయింది.

పేపర్లు దిద్దడం ముగిశాక నేరుగా చిత్తూరు వెళ్ళాను. వదిన తలుపు తీసి, "రా అయ్యోరూ" అని నన్ను బల్ల మీద కూర్చోమని, తాను వంటింటి గుమ్మం పట్టుకొని నిలబడింది. మనిషి సగమైంది. నేనేమీ అడగకముందే చెప్పింది. పొద్దున పళ్ళు తోముకుంటూ పడిపోయాడట. పక్షవాతం. వేలూరు ఆస్పత్రికి తీసుకుపోయారు. మూడు రోజులున్నాడు.

"నాలిక మడత పడిపాయె. తెలుగు ఒక్క మాట రాలేదయ్యా. ఏమన్నా అంటే ఇంగ్లీషే. డాక్టరు, అట్ల అవుతాది కొందరికి అన్నాడు. ఆ ముద్ద మాట నర్సమ్మలకే తెలీదు, ఇంగ నాకేం తెలుస్తాది?"

"ఏమన్నాడు వదినా?"

"ఒకటే మాట. నా మొగం సూసేది, అదే అనేది. రసీటు, రసీటు అని. ముందర ఏదో టేకు అంటాడు. ఆస్పత్రిలో చేర్చినప్పుడు ఇచ్చినారే చీటీ, అదేమో అని తీసి చూపిస్తిని. కాదన్నట్టు తల ఊపె. సంచిలో ఉండే కాగితాలన్నీ తీసి చూపిస్తిని. కాదనె. మళ్ళా అదే మాట, మూడు దినాలూ." ఆమె గుమ్మం మీద చెయ్యి మార్చుకుంది. "ఏం రసీటు అయ్యోరూ అది? ఎవరికన్నా ఇయ్యాల్సింది ఉన్నిందా? నీకేమన్నా చెప్పినాడా?"

టేకు, రసీటు. నేను ఆ మాటల్ని నోట్లో రెండు మూడుసార్లు తిప్పుకున్నాను. టేకురసీటు. నాకొచ్చిన ఇంగ్లీషు కొంచెమే, ఆ కొంచెమే చాలింది.

"అది రసీటు కాదు వదినా" అన్నాను. "టేక్ యువర్ సీట్. కూర్చోమని. నిన్ను కూర్చోమంటా ఉన్నాడు."

ఆమె నేను కూర్చున్న బల్ల కేసి చూసింది.

"ఆ వార్డులో యాడ కూర్చునేదప్పా" అంది. "మూడు దినాలూ మంచం పట్టుకొని నిలబడే ఉంటిని."

ఆ మాట అన్నాక కూడా కాసేపు గుమ్మం పట్టుకొని అలాగే ఉంది. తర్వాత చెయ్యి వదిలేసి, గోడకు వీపు ఆనించి, నెమ్మదిగా కూర్చుంది.